కంటిచూపు - మనోనేత్రము

రేడియో నాటకమును వినునప్పుడు మన యెదుట రంగస్థలము లేదు, తెర లేదు, వేషధారులు లేరు. అయినను తలుపు కిర్రుమన్నంతనే ఒక తలుపు మనకు కనిపించును. ముసలివాని దగ్గు వినబడినంతనే ఒక నెరసిన గడ్డము, ఒక చేతికర్ర, ఒక నులకమంచము మనస్సులో సిద్ధమగును. రచయిత వానిని వర్ణింపలేదు. నటుడు వానిని వెంట తీసికొని రాలేదు. వానిని తెచ్చినది వినువారి మెదడు. ఒకే నాటకమును పది యిండ్లలో వినినచో పది విధములైన ముసలివారు పుట్టుదురు. ఈ చిత్రములు ఎచ్చట పుట్టుచున్నవి? కంటితో నిజముగా చూచునప్పుడు మెదడు చేయు పనియే ఇప్పుడును చేయుచున్నదా, లేక ఇది వేరొక పనియా? రెండును ఒకటే యైనచో, చూచినదేదియో ఊహించినదేదియో మనము ఎట్లు తెలిసికొనుచున్నాము? చిన్నదిగా కనబడు ఈ ప్రశ్న వెంట పోయినవారి చరిత్రను ఇచ్చట సంగ్రహముగా చెప్పుకొందము.

ప్రశ్న క్రొత్తది కాదు. గ్రీకు తత్త్వవేత్త అరిస్టాటిల్ మనోబింబము లేక ఆత్మ ఆలోచింపజాలదని తలచెను. ఆ బింబములను పుట్టించు శక్తికి ఆయన వాడిన పేరు ‘ఫాంటాసియా’. మన దేశమున బౌద్ధ తార్కికుడైన దిఙ్నాగుడు క్రీ.శ. 5, 6 శతాబ్దుల ప్రాంతమున ప్రమాణసముచ్చయమను గ్రంథమును రచించి, ప్రత్యక్షమనగా కల్పన సోకని జ్ఞానమని నిర్వచించెను. ఆయన ఉద్దేశించిన కల్పన కేవలము ఊహాచిత్రము కాదు. వస్తువునకు పేరును, జాతిని, గుణమును జోడించు మనోవ్యాపారము. అయినను ఇంద్రియము ఇచ్చినదానికిని, మనస్సు చేర్చినదానికిని నడుమ హద్దు గీయవలయునన్న పట్టుదల అందు స్పష్టముగా కనబడును. 1739లో స్కాట్లండు దేశీయుడైన డేవిడ్ హ్యూమ్ వేరొక విధముగా చెప్పెను. ఇంద్రియానుభవమునకును, దాని మానసిక ప్రతిబింబమునకును ప్రధానముగా ఉన్న భేదము తీవ్రతలోని తారతమ్యమే అని ఆయన మతము. ఒకటి గాఢము, రెండవది పలుచన. హ్యూమ్ చెప్పిన ఈ మాటను మనము గుర్తుంచుకొనవలయును. మూడువందల ఏండ్లు నిండవచ్చుచున్న ఈ కాలమున మెదడు శాస్త్రజ్ఞులు మరల ఆ మాట దగ్గరకే వచ్చుట చూడగలము.

తత్త్వవేత్తల చేతిలోనుండి ఈ ప్రశ్నను తీసికొని మొదట లెక్కలలో పెట్టినవాడు ఆంగ్లేయుడైన ఫ్రాన్సిస్ గాల్టన్. ఆయన చార్లెస్ డార్విన్‌కు బంధువు. 1880లో ఆయన ప్రకటించిన వ్యాసమునకు ఆధారము ఒక సామాన్యమైన ప్రశ్నావళి. ఆనాటి ఉదయము ఫలాహారమునకు కూర్చున్న బల్లను తలచుకొనుడు. ఆ చిత్రము వెలుతురుగా ఉన్నదా, మసకగా ఉన్నదా? వస్తువుల అంచులు స్పష్టముగా ఉన్నవా? రంగులు సహజముగా ఉన్నవా? ఇవి ఆయన ప్రశ్నలు. శాస్త్రజ్ఞులైన తన మిత్రులను మొదట అడుగగా, వారిలో అధికసంఖ్యాకులు అట్టి చిత్రము తమకు తెలియనే తెలియదని చెప్పినట్లు ఆయన వ్రాసెను. ‘మనోనేత్రము’ అనునది వట్టి అలంకారమనియే వారు అంతవరకు అనుకొనుచుండిరి. సామాన్యజనులలోను, స్త్రీలలోను, పిల్లలలోను మాత్రము అనేకులు తాము కంటితో చూచినట్లే చూచుచున్నామని చెప్పిరి. 2006లో ఇద్దరు పరిశోధకులు ఈ విషయమును మరల పరీక్షించి, శాస్త్రజ్ఞులకు మనోబింబములు కొరవడుననుట నిలువదని చూపిరి. కాని గాల్టన్ బయటపెట్టిన మూలసత్యము నిలిచినది: ఈ శక్తి అందరికిని సమానము కాదు, ఒకని మనస్సులోని చిత్రమును వేరొకడు తన మనస్సుతో కొలువరాదు.

మూడేండ్ల తరువాత, 1883లో, పారిస్ నగరమున సాల్పెత్రియేర్ వైద్యశాలకు చెందిన ప్రఖ్యాత వైద్యుడు జాఁ మార్తాఁ షార్కో ఒక విచిత్రమైన రోగిని వర్ణించెను. అతడు విద్యావంతుడైన వర్తకుడు. చూచినదానిని చూచినట్లు మనస్సులో నిలుపుకొనుటలో మొదట అసాధారణమైన నేర్పు గలవాడు. ఒకప్పుడు ఆ శక్తి హఠాత్తుగా మాయమయ్యెను. కన్నులు చక్కగా ఉన్నవి, బుద్ధి చెడలేదు. కాని భార్యాబిడ్డల ముఖములు తలచుకొనినను మనస్సునకు రావయ్యెను. అంతవరకు చూపు ద్వారా జ్ఞాపకముంచుకొనుచుండిన విషయములను ఇకమీదట మాటల ద్వారా, చెవి ద్వారా జ్ఞాపకముంచుకొనవలసి వచ్చెను. చూచుట ఉండియు మనస్సులో చూచుట పోవచ్చునని ఈ ఒక్క రోగి తెలిపెను. అప్పుడు రెండును ఒకటి కావనవలయునా? ఈ చిక్కు విడుటకు మరి నూరేండ్లు పట్టెను.

ఇంతలో 1910లో అమెరికా దేశమున కార్నెల్ విశ్వవిద్యాలయమునుండి ఒక ప్రయోగము వెలువడెను. చేసినవారు చీవ్స్ వెస్ట్ పెర్కీ అను మహిళ. ఆమె ప్రయోగమునకు వచ్చినవారిని గరుకుటద్దము వంటి తెర యెదుట కూర్చుండబెట్టి, దానిని చూచుచు ఒక టమాటానో, ఒక పుస్తకమునో, ఒక అరటిపండునో ఊహింపుమనెను. వారికి తెలియకుండ తెర వెనుకనుండి అదే వస్తువు యొక్క చిత్రమును మిక్కిలి మసకగా ప్రసరింపజేసి, క్రమముగా వెలుతురు పెంచిరి. మామూలుగా ఎవరికైనను కనబడవలసినంత వెలుతురు వచ్చినను, కూర్చున్నవారు అది తమ ఊహయే అనుకొనిరి! తాము అడ్డముగా పడియున్న అరటిపండును తలచుకొనుచుండగా అది నిలువుగా కనబడుచున్నదేమని ఆశ్చర్యపడినవారును కలరు. నిజముగా కన్ను చూచుచున్న వస్తువును మనస్సు తన సొత్తుగా లెక్కకట్టెనన్నమాట. హ్యూమ్ చెప్పిన తారతమ్యము తగ్గిపోయినచో రెండింటి నడుమ హద్దు చెరిగిపోవునని ఇది సూచించినది.

కాని ఈ త్రోవ వెంటనే మూతపడెను. 1913లో జాన్ వాట్సన్ అను అమెరికా మనస్తత్త్వవేత్త, శాస్త్రమునకు పైకి కనబడు ప్రవర్తనయే ప్రమాణమని చాటెను. ఒకడు తన మనస్సులో ఏమి కలదని చెప్పునో దానిని సరిచూచుటకు వేరొకనికి సాధనము లేదు. అట్టి సాక్ష్యముతో శాస్త్రము నడువదు అని ఆయన వాదము. ఆ వాదమున సత్యాంశము లేకపోలేదు. గాల్టన్ ప్రశ్నావళికి ఆధారము జనులు తమను గూర్చి తాము చెప్పుకొనిన మాటయే కదా! ఫలితముగా సుమారు అర్ధశతాబ్దము ‘మనోబింబము’ అను మాటయే అమెరికా ప్రయోగశాలలలో అరుదయ్యెను.

ఆ కాలమున కన్ను పని మాత్రము చురుకుగా సాగినది. మన కంటిలోపలి పొరయందు సుమారు 12 కోట్ల దండకణములును, 60 లక్షల శంకుకణములును కలవు. అవి పట్టిన వెలుతురు, ఒక్కొక్క కంటినుండి సుమారు పది లక్షల నాడీతంతువుల ద్వారా, నడుమ ఒక మజిలీ చేసి, మెదడు వెనుక భాగమును చేరును. 1904-05 సంవత్సరముల రష్యా జపాను యుద్ధమున తలలో తుపాకీగుండ్లు దూసిపోయిన సైనికులను పరీక్షించి, జపాను వైద్యుడు తత్సుజి ఇనౌయె, ఈ వెనుక భాగమున చూపు ప్రపంచమంతయు ఒక పటమువలె పరచుకొని యున్నదని 1909లో చూపెను. మొదటి ప్రపంచయుద్ధపు క్షతగాత్రులలో గోర్డన్ హోమ్స్ అను వైద్యుడు దానిని మరింత వివరముగా ధ్రువపరచెను. చూపునకు కేంద్రమైన భాగము మెదడు చిట్టచివరను, అంచులలోని భాగము కొంత ముందునకును ఉన్నవి. ఎడమవైపు దృశ్యము కుడి మెదడునకును, కుడివైపు దృశ్యము ఎడమ మెదడునకును చేరును. 1959 మొదలు డేవిడ్ హ్యూబెల్, టోర్‌స్టెన్ వీసెల్ అను శాస్త్రజ్ఞులు పిల్లి మెదడులో ఒక్కొక్క నాడీకణము ఒక్కొక్క వాలుగల గీతకు బదులు పలుకుటను కనుగొని, 1981లో నోబెల్ బహుమానమున పాలుపంచుకొనిరి. యుద్ధములలో పడిన గాయములనుండి ఈ పటము మనకు లభించుట చరిత్రలోని విషాదములలో ఒకటి. కాని ఆ పటమే లేకున్నచో ఊహాచిత్రమును మెదడులో ఎచ్చట వెదకవలయునో ఎవరికిని తెలిసియుండెడిది కాదు.

మనోబింబము మరల శాస్త్రములోనికి వచ్చినది గడియారము సాయముతో. మనస్సులో ఏమి కలదని అడుగుటకు బదులు, సమాధానమిచ్చుటకు ఎంత కాలము పట్టినదని కొలుచుట ప్రారంభించిరి. 1968లో లీ బ్రూక్స్ అను పరిశోధకుడు, ఒక పెద్ద అక్షరమును మనస్సులో నిలుపుకొని దాని మూలలను వరుసగా తడుముచు ‘అవును’, ‘కాదు’ అని సమాధానమీయుడనెను. నోటితో చెప్పినప్పుడు పని సులువుగా సాగెను. కాగితముపై గల గుర్తులను కంటితో వెదకి వ్రేలితో చూపవలసి వచ్చినప్పుడు మిక్కిలి ఆలస్యమయ్యెను. మాటలతో కూడిన వేరొక పని యిచ్చినపుడు ఫలితము తారుమారై, నోటితో చెప్పుటయే కష్టమయ్యెను. అనగా కంటిచూపును, మనోనేత్రమును ఒకే పనిముట్టు కొరకు పోటీపడుచున్నవని అర్థము. 1971లో రోజర్ షెపర్డ్, జాక్విలిన్ మెట్జ్‌లర్ అనువారు దిమ్మెలు పేర్చినట్లున్న ఆకారముల జంటలను 1600 తయారుచేసి, రెండును ఒకటేనా అని అడిగిరి. ఒకదానినుండి రెండవది ఎంత కోణము తిరిగియున్నదో సమాధానమునకు అంత కాలము ఎక్కువ పట్టెను. లెక్కకట్టగా సెకనునకు సుమారు 60 డిగ్రీలు తేలినది. చేతిలో పట్టుకొని త్రిప్పుచున్నట్లే మనస్సు వానిని త్రిప్పుచున్నదన్నమాట. 1978లో స్టీఫెన్ కాస్లిన్, సహచరులు ఒక ద్వీపము పటమును జనులచే కంఠస్థము చేయించి, కన్నులు మూసికొని ఒక చోటినుండి వేరొక చోటికి చూపు సారింపుమనిరి. దూరము పెరిగినకొలది కాలమును పెరిగెను.

ఇంతటితో సమస్య తీరినదనుకొందుమా? తీరలేదు. కెనడా దేశీయుడైన జెనాన్ పిలిషిన్ 1973 నుండియు గట్టి ఆక్షేపణ చేయుచుండెను. మెదడులో చిత్రమున్నచో దానిని చూచుటకు లోపల వేరొక కన్ను ఉండవలయును గదా, ఆ కంటికి వెనుక మరియొక మెదడు ఉండవలయును గదా అని ఆయన ప్రశ్న. ఆయన మతమున మనస్సులో ఉన్నది చిత్రము కాదు, వర్ణనాత్మకమైన జ్ఞానము. దూరమైన చోటికి పోవుటకు ఎక్కువ కాలము పట్టునని జనులకు ముందే తెలియును. ఊహింపుమనగా వారు తెలియకయే ఆ ఆలస్యమును అభినయించుచున్నారు. ఈ ఆక్షేపణకు గడియారము మాత్రమే సమాధానము చెప్పజాలకపోయెను. ఇరుపక్షముల వాదము ఏండ్ల తరబడి సాగినది.

ఈ వాదము నడుచుచుండగనే ఇటలీ దేశమున మిలాన్ నగరమునుండి అనుకొనని సాక్ష్యము వచ్చెను. కుడి మెదడు దెబ్బతిన్న కొందరు రోగులు ఎడమవైపు ప్రపంచమును పట్టించుకొనరు. కంచములో ఎడమవైపు అన్నము మిగిల్చెదరు; గడ్డము ఒకవైపే గీసికొందురు. వారు గ్రుడ్డివారు కారు. ఆ వైపు ఒకటి యున్నదన్న ధ్యాసయే వారికి లేదు. ఎదోఆర్దో బిసియాక్, క్లాదియో లుజ్జాట్టి అను వైద్యులు ఇట్టి ఇద్దరు రోగులను, మిలాన్ నగరపు నడిబొడ్డున నున్న దేవాలయపు చౌకును తలచుకొనుమనిరి. ఆ చౌకు వారికి చిరపరిచితము. మొదట దేవాలయమునకు ఎదురుగా నిలిచినట్లు ఊహించి చుట్టునున్న కట్టడములను చెప్పుమనగా, కుడివైపు వానిని చెప్పి, ఎడమవైపు వానిని చాలవరకు విడిచిరి. తరువాత దేవాలయపు గుమ్మము ముందు నిలిచి చౌకువైపు చూచుచున్నట్లు ఊహింపుమనిరి. అంతట ఇదివరకు విడిచిన కట్టడములు ఇప్పుడు కుడివైపునకు వచ్చుటచే వానిని చక్కగా చెప్పి, క్షణముక్రితము తామే చెప్పిన వానిని విడిచిరి! ఈ వ్యాసము 1978లో వెలువడెను. జ్ఞాపకమున చౌకు మొత్తము భద్రముగనే యున్నది; దానిని మనస్సున పరచునప్పుడు మాత్రము ఎడమ సగము చీకటిలో పడుచున్నది. కంటిచూపునకు వచ్చిన లోపమే మనోనేత్రమునకును వచ్చినది. వట్టి వర్ణనాత్మక జ్ఞానమునకు కుడి యెడమలు ఎక్కడివి?

తరువాత యంత్రముల కాలము వచ్చెను. మెదడులో ఏ భాగము పనిచేయునో ఆ భాగమునకు రక్తప్రసరణము పెరుగును. దానిని పుఱ్ఱె తెరువకయే చూపగల సాధనములు 1980, 1990 దశకములలో చేతికి వచ్చెను. 1993లో డెనిస్ ల బిహాన్, సహచరులు, మనుష్యుడు చూచినదానిని తలచుకొనునప్పుడును వెనుక మెదడులోని ప్రథమ దృశ్యక్షేత్రము కదలుట చూపిరి. 1995లో కాస్లిన్ బృందము కన్నులు మూసికొనినవారిని చిన్న చిత్రములను, పెద్ద చిత్రములను ఊహింపుమనగా, ఇనౌయె, హోమ్స్ గీసిన పటము ననుసరించియే చిన్నవి వెనుక చివరను, పెద్దవి ముందునకును చోటుచేసికొనెను. 2000 సంవత్సరమున క్యాథ్లీన్ ఓక్రేవెన్, నాన్సీ కాన్విషర్ అనువారు, ముఖములను ఊహించినప్పుడు ముఖములను చూచు భాగమును, స్థలములను ఊహించినప్పుడు స్థలములను చూచు భాగమును పనిచేయునని కనుగొనిరి. కాని ఆ పని నిజముగా చూచునప్పటికంటె బలహీనము. అదే యేట గాబ్రియేల్ క్రైమన్, క్రిస్టాఫ్ కాక్, ఇట్జాక్ ఫ్రీడ్ అనువారు, మూర్ఛరోగ చికిత్స నిమిత్తము మెదడులో సన్నని తీగలు అమర్చబడిన రోగులయందు, ఒకే నాడీకణము వస్తువును చూచినప్పుడును, కన్నులు మూసికొని తలచినప్పుడును స్పందించుట పట్టుకొనిరి.

అంతమాత్రముచే రెండును ఒకటే యనుట తొందరపాటు. 1992లో కెనడా పరిశోధకులు ప్రకటించిన ఒక రోగి కథ దీనికి విరుద్ధముగా నున్నది. తలకు దెబ్బ తగిలిన పిదప అతడు వస్తువులను చూచి గుర్తింపలేకపోయెను. కాని వస్తువును తలచుకొని దాని బొమ్మను చక్కగా గీయగలిగెను. కొంతకాలము గడచిన పిమ్మట తాను గీసిన బొమ్మను చూపగా అది ఏమియో చెప్పలేకపోయెను! షార్కో వర్ణించిన వర్తకునికి చూపు ఉండి ఊహ పోయెను. ఇతనికి ఊహ ఉండి చూపులోని గుర్తింపు పోయెను. ప్రథమ దృశ్యక్షేత్రము ఊహకు అవసరమేనా అన్నదియు అన్ని ప్రయోగములలోను ఒకే విధముగా తేలలేదు. 2021లో పలు ప్రయోగములను కూడి చూచిన ఒక సమీక్ష, ఆ క్షేత్రముకంటె ఎడమ మెదడు అడుగుభాగమున నున్న వేరొక స్థానమునకే ప్రాధాన్యమిచ్చెను.

ఈ చిక్కును విడదీయునది దిక్కును గూర్చిన జ్ఞానము. చూచునప్పుడు వార్త కంటినుండి బయలుదేరి, వెనుక మెదడును చేరి, అచ్చటినుండి పైపై స్థానములకు ఎక్కిపోవును. మొదట గీతలు, అంచులు, పిదప ఆకారములు, తరువాత ‘ఇది ఫలానా’ అను గుర్తింపు. ఊహించునప్పుడు ప్రయాణము ప్రధానముగా విలోమము. మొదట ‘ఫలానా’ అను సంకల్పము, అచ్చటినుండి ఆకారములవైపు, శక్తి చాలినంతవరకు గీతలవైపు. ఏటిలో నీరు పల్లమునకు పారుట ఒకటి. ఏతము వేసి అదే నీటిని గట్టుకు తోడుట వేరొకటి. నీరు ఒకటే, త్రోవ ఒకటే, కాని శ్రమలో భేదము కలదు. పైకి చేరు నీరును తక్కువ. కావుననే ఊహాచిత్రము పలుచన. కావుననే త్రోవలో ఒకచోట తెగినచో ఒకరికి ఊహయు, వేరొకరికి గుర్తింపును పోవచ్చును. పెద్దభాగము దెబ్బతిన్నచో మిలాన్ రోగులకువలె రెండును పోవచ్చును.

అట్లైనచో మన మొదటి ప్రశ్న మరింత పదునెక్కినది. ఒకే త్రోవలో రెండు విధముల నీరు పారుచుండగా, ఏది కన్ను తెచ్చినది, ఏది మనస్సు తోడినది అని మెదడు ఎట్లు ఎరుగును? లండన్ నగరమున నదీన్ డైక్‌స్ట్రా, స్టీఫెన్ ఫ్లెమింగ్ అనువారు పెర్కీ ప్రయోగమును క్రొత్త పద్ధతిలో మరల చేసి 2023లో ఫలితములు ప్రకటించిరి. గజిబిజిగా కదలు చుక్కల నడుమ వాలుగీతలను ఊహించుచుండగా, అప్పుడప్పుడు నిజమైన గీతలను మసకగా చూపిరి. ఊహించిన గీతయు, చూపిన గీతయు ఒకటే యైనపుడు రెండును కలిసిపోయెను. ఊహ ఎంత స్ఫుటమో, ‘నిజముగా చూచితిమి’ అను నమ్మకము అంత ఎక్కువ. 2025లో వారి బృందమే మెదడు అడుగుభాగమున నున్న ఒక మడతలో ఈ తూనిక జరుగుట చూపెను. అచ్చటి స్పందన బలము ఒక హద్దును దాటినచో దృశ్యము నిజమనియు, దాటనిచో ఊహయనియు తీర్పు. హ్యూమ్ చెప్పిన తారతమ్యమే ఇక్కడ కొలతలతో నిలిచినది. ఈ హద్దు దాదాపు ఎల్లప్పుడును సరిగనే పనిచేయును. అది సడలినపుడు లేనిది కనబడును. మతిభ్రమణమునకు గురియైన రోగుల బాధను గ్రహించుటకు ఇది ఒక త్రోవ కాగలదని శాస్త్రజ్ఞుల ఆశ.

రోగుల మాట అటుండగా మన నిత్యజీవితమున సైతము ఈ హద్దు పలుచనిదే. 1996లో అమెరికా పరిశోధకులు, బాల్యమున జరుగని సంఘటనను ఒక్కసారి కన్నులకు కట్టినట్లు ఊహింపుమనినంతమాత్రముననే, అది జరిగియుండునన్న నమ్మకము కొందరిలో పెరుగుట చూపిరి. సాక్షిని మాటిమాటికి ‘బాగుగా తలచుకొనుము, వాడు ఎట్లుండెను, చేతిలో ఏమి పట్టుకొనెను’ అని అడుగువారు, జ్ఞాపకమును త్రవ్వుచున్నామని తలచుచు క్రొత్త చిత్రమునే పోతపోయుచుండవచ్చును. సాక్షి అబద్ధమాడుట లేదు. తన మనస్సున స్పష్టముగా నున్నదానిని చెప్పుచున్నాడు. ఆ స్పష్టతయే అతనిని మోసగించినది.

మరియొక ప్రక్క, గాల్టన్ వినిన ‘మాకు అట్టి చిత్రము తెలియదు’ అను మాటకు ఇటీవల గౌరవము లభించినది. 2010లో ఆడమ్ జీమన్ అను బ్రిటిష్ వైద్యుడు, హృదయచికిత్స పిదప మనోబింబములు పోయిన ఒక పురుషుని గూర్చి వ్రాసెను. అది చదివి, తమకు పుట్టుకనుండియు అట్టి చిత్రములు లేవని కొందరు ఆయనకు తెలిపిరి. అట్టి 21 మందిని గూర్చి 2015లో వ్రాయుచు ఆయన ఈ స్థితికి అరిస్టాటిల్ మాటను ఆధారముగా గొని ‘అఫాంటాసియా’ అని పేరు పెట్టెను. సుమారు నూటికి ఒకరు ఇట్టివారని అంచనా. వీరి మాట వట్టి మాట కాదనుటకు కంటిపాపయే సాక్షి. ప్రకాశించు సూర్యుని ఊహించినప్పుడు మామూలు మనుష్యుని కంటిపాప కొంచెము చిన్నదగునని 2014లో నార్వే పరిశోధకులు చూపిరి. 2022లో వెలువడిన పరిశోధన ననుసరించి అఫాంటాసియా గలవారి కంటిపాపలో ఆ మార్పు కానరాదు. వాట్సన్ కోరిన పైకి కనబడు ప్రమాణము ఈ విధముగా లభించినది. వీరు బుద్ధిలో ఎవరికిని తీసిపోరు. కంప్యూటరు బొమ్మల చలనచిత్రములకు ప్రసిద్ధికెక్కిన పిక్సార్ సంస్థను నడపిన ఎడ్ క్యాట్‌మల్ తనకు మనోబింబములు లేవని ప్రకటించిన సంగతి లోకవిదితము. కన్నులు మూసికొని బొమ్మను తలచుకొమ్మని గురువు చెప్పగా ఏమియు కనబడదని పిల్లవాడు చెప్పినచో, అది మొండితనము కాకపోవచ్చును. అతనికి మాటలతో, చేతులతో నేర్పు త్రోవ వెదకుట పెద్దల పని.

ఇక ఈ చిత్రములు మితిమీరి బాధించువారును కలరు. ప్రమాదము చూచినవారికి ఆ దృశ్యము పిలువకయే మరల మరల కన్నుల యెదుట నిలుచును. బ్రూక్స్ కనుగొనిన పోటీని ఇచ్చట మందుగా వాడవచ్చునా అని ఎమిలీ హోమ్స్ అను శాస్త్రజ్ఞురాలు ఆలోచించెను. కన్నును, మనోనేత్రమును ఒకే పనిముట్టుతో పనిచేయునవైనచో, కంటికి గట్టి పని కల్పించినపుడు బాధాకరమైన చిత్రము గట్టిపడుటకు చోటుండదు గదా! 2009లో భయంకర దృశ్యములు చూచినవారిచే, పడుచున్న దిమ్మెలను త్రిప్పి పేర్చు టెట్రిస్ అను ఆట ఆడింపగా, తరువాతి వారములో ఆ దృశ్యములు తక్కువగా మరలివచ్చినట్లు తేలినది. పిమ్మట వైద్యశాలకు వచ్చిన వాహనప్రమాద బాధితులయందును ఇట్టి మేలు కనబడినది. షెపర్డ్ దిమ్మెలను పోలిన దిమ్మెలే దుఃఖితులకు కొంత ఉపశమనము నిచ్చుట గమనింపదగినది.

ప్రత్యక్షము కల్పన సోకనిది కావలయునని దిఙ్నాగుడు కోరెను. 19వ శతాబ్దమున జర్మనీ శాస్త్రజ్ఞుడు హెల్మ్‌హోల్ట్జ్, మనకు తెలియకుండనే జరుగు అనుమానము చూపులో కలిసియున్నదని వాదించెను. నేటి పరిశోధన ఇద్దరికిని చోటిచ్చుచున్నది. కన్ను తెచ్చినది వేరు, మనస్సు తోడినది వేరు. కాని రెండింటికిని త్రోవ ఒకటే, తూనిక ఒకటే, ఆ తూనిక ఎన్నడును పూర్తిగా నిర్దుష్టము కాదు. ‘నా కన్నులతో చూచితిని’ అను మాట విన్నప్పుడు మనము దానిని త్రోసిపుచ్చనక్కరలేదు. ఆ చూచుటలో కన్ను భాగమెంత, మనస్సు భాగమెంత అని నిదానముగా విచారించిన చాలును. ఆ విచారణను ముందుగా మన చూపుతోనే ప్రారంభించుట న్యాయము.